ముందు చీటీ రాయండి, తర్వాత అరవండి

హైదరాబాద్ సైనిక్‌పురిలో ఎఫ్1 (ఫార్ములా వన్) కార్ల రేసులు చూపించే ఈ కేఫ్ పేరు రాయడం లేదు. కింద కొన్ని తిట్లు ఉన్నాయి, ఓనరేమో మంచివాడు. అదొక కారణం. అసలు కారణం మాత్రం లోపల ఉన్న నలభై రెండు కుర్చీలు. పేరు రాస్తే వచ్చే సీజన్‌లో నాకే సీటు దొరకదు. బేకరీ మీద మొదటి అంతస్తు. మెట్ల దగ్గర పాత టైరుకి ఎర్ర రంగు వేసి వేలాడదీశారు. ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

2025లో నేనూ మా తమ్ముడూ మూడుసార్లు వెళ్ళాం. జూన్ 1న బార్సిలోనా, జూలై 6న సిల్వర్‌స్టోన్, డిసెంబర్ 7న అబుదాబి. మూడూ మనకి సాయంత్రం పడే రేసులు. ఆస్టిన్, మెక్సికో లాంటివి అర్ధరాత్రి దాటాక మొదలవుతాయి కాబట్టి అవి ఇంట్లోనే, సౌండ్ తగ్గించి, అమ్మ లేవకుండా చూస్తాం. నాది 2008 నుంచి హామిల్టన్ పార్టీ. వాడిది వెర్‌స్టాపెన్ పార్టీ. ఇంట్లో ఉన్నది ఒకటే సోఫా. 2021 డిసెంబర్ 12 రాత్రి తర్వాత మూడు రోజులు మేం మాట్లాడుకోలేదు. పొలం పంపకాల గొడవేమైనా పెట్టుకున్నారా అని అమ్మ నాన్నని అడిగిందట.

ఆ రాత్రి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ 369.5 పాయింట్ల దగ్గర సమానంగా ఆ సీజన్ ఆఖరి రేసుకి వచ్చారు. 58 ల్యాప్‌ల రేసులో 53వ ల్యాప్ దాకా మావాడు ముందున్నాడు. లతీఫీ అనే ఇంకో డ్రైవర్ గోడకి గుద్దుకున్నాడు, సేఫ్టీ కార్ వచ్చింది, అంటే ట్రాక్ శుభ్రమయ్యేదాకా అందరూ దాని వెనకే నెమ్మదిగా వెళ్ళాలి. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసి ల్యాప్ వెనకబడిన కార్లన్నిటినీ కాకుండా, ఇద్దరి మధ్యా ఉన్న అయిదింటిని మాత్రమే ముందుకు పంపించి ఆఖరి ఒక్క ల్యాప్ రేసు నడిపించాడు. వెర్‌స్టాపెన్‌కి కొత్త టైర్లు, మావాడికి పాతవి, టైటిల్ చేజారింది. అంతే. స్టీవార్డ్స్, అంటే తప్పొప్పులు తేల్చి శిక్షలు వేసే అధికారులు, చేసింది ఆ తర్వాత హామిల్టన్ అప్పటి టీమ్ మెర్సిడెస్ పెట్టిన ప్రొటెస్ట్‌ని (అధికారిక ఫిర్యాదుని) కొట్టెయ్యడం. తప్పు రేస్ డైరెక్టర్‌దీ, తిట్లు స్టీవార్డ్స్‌కీ. ఇప్పటికీ చాలామంది ఈ ఇద్దర్నీ కలిపేస్తారు, అందుకే చెప్తున్నాను.

ఇక కేఫ్. మనిషికి 400. అందులో 300 తిండికి వాడుకోవచ్చు. నూరడుగులకి ఒక పబ్ ఉన్న ఈ ఊళ్ళో రేసులు చూపించే చోట్లు వేరే లేవని కాదు. అక్కడ తెర మీద రేసు ఉంటుంది గానీ స్పీకర్లలో డీజే ఉంటాడు. ఇక్కడ కామెంటరీ వినిపిస్తుంది, డ్రైవర్ల రేడియో కూడా వినిపిస్తుంది. దాన్ని మించి ఇక్కడికి రావడానికి కారణం చీటీలు.

ప్రతి టేబుల్ మీదా ఒక చిన్న చీటీల కట్ట, ఒక పెన్సిల్ ఉంటాయి. ఏదైనా సంఘటన విచారణలో ఉందని తెర మీద పడగానే ఓనరు ఇత్తడి గంట కొడతాడు. బడిలో ఇంటర్‌వెల్‌కి కొట్టే లాంటిది. మాటలు బంద్. ఎవరికి ఎంత పెనాల్టీ పడాలో ఒక్క నిమిషంలో రాసి, కింద పేరు పెట్టి, బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. ఆ తర్వాత గొంతు పోయేదాకా అరుచుకోవచ్చు. స్టీవార్డ్స్ నిర్ణయంతో కలిసిన చీటీకి ఇరానీ చాయ్ ఫ్రీ.

ఓనరు దుబాయ్‌లో పన్నెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చాడు. అక్కడున్నప్పుడు రెండేళ్ళు అబుదాబిలోని యాస్ మరీనా ట్రాక్ మీద వాలంటీర్ మార్షల్‌గా జెండా పట్టుకున్నానని చెప్పాడు. చీటీలు ఎందుకన్నా అని అడిగితే, "మొదటి సీజన్‌లో రెండు కుర్చీలు విరిగాయమ్మా" అన్నాడు.

బార్సిలోనా రాత్రి నాకు ఈ చీటీల సంగతి కొత్త. 66 ల్యాప్‌ల రేసు. 55వ ల్యాప్‌లో అంటొనెల్లి మెర్సిడెస్ ఇంజిన్ పోయి సేఫ్టీ కార్ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టు ఎక్కువుండే మెత్తటి టైర్లు వేసుకున్నారు. వెర్‌స్టాపెన్‌కి మిగిలిన కొత్త సెట్టు హార్డ్ (గట్టి రకం) ఒక్కటే. రీస్టార్ట్‌లో చివరి మలుపు దగ్గర కారు జారింది, లెక్లెర్ దాటేశాడు. మొదటి మలుపులో రసెల్ మీదికొచ్చాడు. వెర్‌స్టాపెన్ ట్రాక్ బయటి నుంచి తిరిగొచ్చి మళ్ళీ ముందే తేలాడు. స్థానం ఇచ్చెయ్యమని టీమ్ రేడియోలో చెప్పింది. మా తమ్ముడు ఆ రేడియోకి జవాబిస్తూ లేచి నిలబడ్డాడు. 64వ ల్యాప్, అయిదో మలుపు. వెర్‌స్టాపెన్ వేగం తగ్గించాడు. రసెల్ దాటబోయాడు. ఈయన మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కి వెళ్ళి అతని పక్కన గుద్దాడు.

గంట.

మా తమ్ముడి చీటీ: "ఏమీ వద్దు. రేసింగ్." నా చీటీ: "డిస్‌క్వాలిఫై", కింద రెండు గీతలు. నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరు ఏ తప్పు చేశారు, అది చిన్నదా పెద్దదా, కావాలని చేసిందా పొరపాటా అని కాగితాల మీద రాయడమే నా జీతం. అలాంటి మనిషినయ్యుండి ఇలా రెండు గీతలు కొట్టాను. కారులో ఉన్నది వేరే ఎవరైనా అయితే కొట్టేదాన్ని కాదని చెయ్యి ఆగకముందే తెలిసింది.

స్టీవార్డ్స్ వెర్‌స్టాపెన్ రేసు సమయానికి 10 సెకన్లు కలిపారు, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు. అయిదో స్థానం నుంచి పదికి జారాడు. లైసెన్స్ లెక్క 11కి చేరింది. ఏడాదిలో 12 అయితే ఒక రేసు బయట కూర్చోవాలి. 2024లో మాగ్నుసెన్‌కి అలాగే బాకూ పోయింది. మర్నాడు వెర్‌స్టాపెనే తాను చేసింది సరి కాదని సోషల్ మీడియాలో ఒప్పుకున్నాడు. "ఆయనే ఒప్పుకున్నాక ఇంక నీకేం నొప్పి అక్కా" అని వీడు వారం రోజులు నన్నే సాధించాడు.

ఆ రాత్రి సరిగ్గా రాసింది మూల టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చునే ఒక పెద్దమనిషి. వయసు యాభై పైనే. హుల్కెన్‌బర్గ్ అభిమాని అట, అలాంటివాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. "10 సె." అని రాసి, చాయ్ తాగి, ఎవరితోనూ వాదించకుండా వెళ్ళిపోయాడు. పార్టీ లేని మనిషంటే ఈయనే అనుకున్నాం. ఇంటికెళ్ళి ఫలితాలు చూస్తే, ఆ పెనాల్టీ వల్ల అయిదో స్థానానికి ఎక్కింది హుల్కెన్‌బర్గే.

తిండి గురించి చెప్పాలి కదా. పెప్పర్ చికెన్ బాగుంది, వేడిగా వస్తుంది, మిరియాలు ఘాటుగా తగులుతాయి. బన్ మస్కా కింద బేకరీ నుంచే వస్తుంది కాబట్టి దానికి వంక పెట్టలేం. ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రం మూడుసార్లూ మెత్తగానే వచ్చాయి. రేసు మొదలయ్యాక ఆర్డర్ ఇస్తే సేఫ్టీ కార్ వచ్చేదాకా రాదు, ఎందుకంటే సర్వ్ చేసే కుర్రాళ్ళిద్దరూ కూడా రేసే చూస్తుంటారు. వాళ్ళలో ఒకడు లెక్లెర్ అభిమాని. లెక్లెర్ కారు ఆగిపోతే ఆ రోజు మంచినీళ్ళు కూడా మనమే తెచ్చుకోవాలి. బాత్రూమ్ ఒక్కటే. ఏసీ నుంచి గోడవైపు కుర్చీల మీద నీళ్ళు కారతాయి, అక్కడ కూర్చోకండి. పార్కింగ్ అని వాళ్ళు చెప్పేది పక్క సందు.

ఇంకో పెద్ద లోపం ప్రసారం. ఫోన్లో లైవ్ టైమింగ్ చూసేవాళ్ళకి అంతా అర నిమిషం ముందే తెలిసిపోతుంది. తెర మీద కార్లు ఇంకా మలుపు దగ్గరికి రాకముందే పక్క టేబుల్ నుంచి "అయ్యో" అని వినపడితే టికెట్ డబ్బులు అక్కడే పోయినట్టు. ఫోన్లు బోర్లా పెట్టాలని రూల్ ఉంది. ఎవరూ పెట్టరు. ఓనరు గట్టిగా అడగడు.

సిల్వర్‌స్టోన్ రోజు అంతకన్నా ఘోరం. వానలో రేసు, పియాస్ట్రి ముందున్నాడు, వెనక వెర్‌స్టాపెన్, సేఫ్టీ కార్ లైట్లు ఆర్పేసింది, అంటే ఆ ల్యాప్‌తో తప్పుకుంటుందని. సరిగ్గా అక్కడ తెర బిగుసుకుపోయి చక్రం తిరగడం మొదలెట్టింది. బొమ్మ మళ్ళీ వచ్చేసరికి వెర్‌స్టాపెన్ గిరగిరా తిరిగిపోయి పదో స్థానంలో ఎక్కడో ఉన్నాడు, పియాస్ట్రి మీద విచారణ అని రాసుంది. నలభై మందీ ఏమీ చూడలేదు. ఓనరు గంట కొట్టాలా వద్దా అని గంట పట్టుకుని నిలబడ్డాడు. చివరికి కొట్టాడు. ఏమీ చూడకుండానే నలభై మందీ చీటీలు రాశారు! ఒక్కరు కూడా ఖాళీ చీటీ వెయ్యలేదు, నాతో సహా.

తర్వాత ఓనరు తన ఫోన్లో ఆ ముక్క వెతికి పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తీసుకెళ్ళి చూపించాడు, పెళ్ళి ఫొటోలు చూపించినట్టు. హ్యాంగర్ స్ట్రెయిట్ మధ్యలో పియాస్ట్రి ఉన్నట్టుండి బ్రేక్ తొక్కాడు. వెర్‌స్టాపెన్ గుద్దకుండా తప్పించుకోబోయి కాసేపు ముందుకెళ్ళిపోయాడు. స్టీవార్డ్స్ కాగితంలో 218 కిలోమీటర్ల వేగం నుంచి 52కి పడిపోయిందని లెక్క ఉంది. 10 సెకన్లు. టైర్లు మార్చే పిట్‌లో ఆ సెకన్లు ఆగి శిక్ష కట్టాక గెలుపు నోరిస్‌కి వెళ్ళిపోయింది.

అక్కడ మొదలైంది అసలు వాదన. మూడు వారాల ముందు మాంట్రియల్‌లో రసెల్ కూడా సేఫ్టీ కార్ వెనక బ్రేక్ తొక్కాడని వెర్‌స్టాపెన్ టీమ్ రెడ్ బుల్ ప్రొటెస్ట్ చేస్తే కొట్టేశారు. మరి ఇక్కడ ఎందుకు వేశారు అని పియాస్ట్రి, నోరిస్‌ల టీమ్ మెక్‌లారెన్ అభిమానుల టేబుల్. అక్కడ ఇంత గట్టిగా తొక్కలేదు కదా అని మెర్సిడెస్ టీషర్టు వేసుకున్న కుర్రాడు. విచిత్రం ఏంటంటే మా తమ్ముడు ఈ రోజు న్యాయదేవత. మాంట్రియల్‌లో రసెల్‌కి పెనాల్టీ కావాలని గింజుకున్నవాడే, ఇక్కడ పియాస్ట్రి దగ్గరికొచ్చేసరికి నిబంధన అంటే నిబంధనే అంటున్నాడు. కనీసం వాడి రెండు మాటలూ ఒకదానితో ఒకటి కలిశాయి. రెండుసార్లూ వెనక ఉన్నది వాడి వెర్‌స్టాపెనే కదా.

నాకు ఇందులో ఫ్యాక్టరీ కనబడింది. మాకూ రాతపూర్వకంగా పద్ధతులుంటాయి, ఆడిటర్లు వస్తారు, ఒక్కో ఆడిటర్‌ది ఒక్కో పట్టింపు. ఒకాయన లేబుల్ చూస్తాడు, ఇంకొకాయన డస్ట్‌బిన్‌లో చించిన కాగితాలు తీసి చదువుతాడు. ఎఫ్1లో స్టీవార్డ్స్ ప్యానెల్ రేసు రేసుకీ మారుతుంది. 2010 నుంచి అందులో ఒక మాజీ డ్రైవర్ ఉంటున్నాడు. అంటే ట్రాక్ మీద కొట్టుకుని పెరిగిన మనిషి ఒకడు లోపల కూర్చుంటాడు, అది మంచిదే. కానీ ఆ మనిషి కూడా మారుతుంటాడు. మలుపుల్లో ఎవరికి చోటు ఇవ్వాలో చెప్పే మార్గదర్శకాలని ఎఫ్1 నిబంధనలు చూసే సంస్థ ఎఫ్ఐఏ 2025 జూన్‌లో బయటపెట్టింది. నేను కూర్చుని చదివాను. లోపలి నుంచి దాటబోయే కారు ముందు చక్రాల ఇరుసు, మలుపు మధ్య బిందువు దగ్గర అవతలి కారు అద్దం పక్కకి రావాలి, ఇలా. స్పష్టంగానే రాశారు. మా పద్ధతులూ స్పష్టంగానే ఉంటాయి.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు మేమిద్దరం స్టాండ్‌లో ఉన్నాం. వెర్న్ గెలిచాడు, కాసిడీ రెండు, బ్యూమీ మూడో వాడిగా గీత దాటడం కళ్ళారా చూశాం. నాన్నకి ఫోన్ చేసి అలాగే చెప్పాను. ఇంటికెళ్ళి చూస్తే బ్యూమీ 15, మూడో స్థానం డ కోస్టాది. అనుమతించిన దానికన్నా ఎక్కువ కరెంటు వాడినందుకు 17 సెకన్ల పెనాల్టీ. ఎవరినీ గుద్దలేదు, ఎవరినీ తొయ్యలేదు. మన ఊళ్ళో, మన కళ్ళ ముందు జరిగిన రేసులో మూడో స్థానం మారిపోతే ఒక్కడూ వాదించలేదు. బ్యూమీ పార్టీ, డ కోస్టా పార్టీ ఇక్కడ లేవు మరి.

సిల్వర్‌స్టోన్ రాత్రి ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆఖరి ల్యాప్‌లలో మూడో స్థానంలో హుల్కెన్‌బర్గ్, వెనక మా హామిల్టన్. అప్పటిదాకా 238 రేసుల్లో ఒక్కసారి కూడా పోడియం (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) ఎక్కని మనిషి, 19వ చోటు నుంచి మొదలెట్టి అక్కడికొచ్చాడు. కేఫ్ మొత్తం ఆయన వైపే, మా తమ్ముడితో సహా. నేను ఒక్కదాన్నే లోలోపల, ఈయన పిట్ లేన్‌లో ఏ గీతైనా తొక్కాడేమో, ఏదో ఒక పెనాల్టీ రాకపోతుందా అని తెర కింద వరుస చూస్తూ కూర్చున్నాను. రాలేదు. మూల టేబుల్ పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అందరికీ చాయ్ చెప్పాడు. తాగాను. చాయ్ బాగానే ఉంది.

అబుదాబికి మూడు వారాల ముందే సీట్లు బుక్ చేశాం. ఆ రోజు రేసుకి ముందు ఓనరు కొత్త ఆట పెట్టాడు. ఒక కాగితం పంచాడు, పేర్లు లేవు. "మలుపు లోపలి వైపు ఎ కారు. బయటి నుంచి బి కారు దాటబోయింది. మధ్య బిందువు దగ్గర ఎ కొంచెం ముందుంది. బయటికొచ్చేసరికి రెండూ ట్రాక్ దాటిపోయాయి. బి ముందుకెళ్ళి, స్థానం తిరిగి ఇవ్వలేదు. ఎవరిది తప్పు?" సగానికి పైగా ఎ కారుదే తప్పన్నారు, తనే ట్రాక్ మీద నిలబడలేనప్పుడు అవతలి కారుకి చోటు లేదనడం ఏంటని. మా తమ్ముడు కూడా ఎ కారుదే తప్పని రాశాడు! అది 2024 ఆస్టిన్, 52వ ల్యాప్. ఎ వెర్‌స్టాపెన్, బి నోరిస్. నోరిస్‌కి 5 సెకన్లు పడి మూడో స్థానం పోయింది. పేర్లు చెప్పగానే వీడు కాగితం వెనక్కి ఇమ్మన్నాడు. "ఇలా రాశారేంటన్నా, యాంగిల్ చెప్పలేదు" అని. వారం తర్వాత మెక్సికోలో వెర్‌స్టాపెన్‌కి రెండు 10 సెకన్లు పడ్డ సంగతి ఎవరో గుర్తుచేశారు. అది విని ఇంకా మండింది వాడికి.

రేసు. అప్పటికి సీజన్ పాయింట్లు నోరిస్ 408, వెర్‌స్టాపెన్ 396, పియాస్ట్రి 392. వెర్‌స్టాపెన్ గెలిచినా నోరిస్ చాంపియన్ కావడానికి మూడో స్థానం చాలు. మధ్యలో నోరిస్ ముందు సునోడా తగిలాడు, వెర్‌స్టాపెన్ టీమ్‌మేట్. స్ట్రెయిట్‌లో ఆ పక్కకీ ఈ పక్కకీ కారు తిప్పాడు, నోరిస్ నాలుగు చక్రాలూ గీత దాటించి పక్క నుంచి దూసుకెళ్ళాడు. ఇద్దరి మీదా విచారణ అని పడింది. గంట కొట్టకముందే గది మొత్తం నిశ్శబ్దం. నోరిస్‌కి 5 సెకన్లు పడితే ప్రపంచ చాంపియన్‌షిప్పే తారుమారు కావచ్చు. లెక్లెర్ కుర్రాడు ట్రే పట్టుకుని మధ్యలో ఆగిపోయాడు.

నేను "సునోడా 5, నోరిస్ 0" అని రాశాను. కారణం కూడా చెప్పగలను. అడ్డుకునే కారు ఒకసారికి మించి దారి మార్చకూడదు, దాని వల్లే అవతలివాడు బయటికెళ్తే బయటికెళ్ళినవాడిది తప్పెలా అవుతుంది. స్టీవార్డ్స్ అదే ఇచ్చారు. ఫ్రీ చాయ్ నాకే. ఈ వాదన అంతా చీటీ డబ్బాలో వేశాక తట్టింది. రాసేటప్పుడు నా బుర్రలో ఉన్నది 2021 ఒక్కటే.

వెర్‌స్టాపెన్ గెలిచాడు, పియాస్ట్రి రెండు, నోరిస్ మూడు. మొత్తం పాయింట్లు నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421. రెండే పాయింట్లు. ఓనరు కౌంటర్ కింద నుంచి ఇంకో బిస్కెట్ డబ్బా తీశాడు. సీజన్ చీటీలన్నీ దాచాడట. బార్సిలోనా కట్ట విప్పి మా తమ్ముడిది చదివాడు: "ఏమీ వద్దు. రేసింగ్." వీడు లేచి వేళ్ళ మీద లెక్క పెట్టాడు. అయిదో స్థానానికి 10, పదో స్థానానికి 1, పోయినవి 9. ఓడింది 2తో. మెక్‌లారెన్ టేబుల్ వెంటనే లాస్ వేగస్ తీసింది. అక్కడ కారు కింద చెక్క 9 మిల్లీమీటర్ల కన్నా పలచగా అరిగిందని తమ ఇద్దర్నీ తీసేస్తే నోరిస్‌కి పోయినవి 18, పియాస్ట్రికి 12. అది కొలిచి చెప్పేది, ఇది చూసి చెప్పేది, రెండూ ఒకటెలా అవుతాయి అని నేనన్నాను. ఎవరూ వినలేదు. మూల టేబుల్ పెద్దమనిషి ఆ రోజు రాలేదు. నాకు కాస్త వెలితిగానే అనిపించింది.

బిల్లు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మూడుసార్లూ ఇంతే, కాబట్టి రేసు అయిపోయే పది ల్యాప్‌ల ముందే అడగండి. పైగా గెలిచిన చాయ్‌కి కూడా 30 రూపాయలు వేశారు. చూపిస్తే ఓనరు చీటీ వెతికి కొట్టేశాడు. మా తమ్ముడు ఊరుకోలేదు. నేను గంట మోగాక ఒక నిమిషం దాటి రాశానని, ఆ చీటీ చెల్లదని అభ్యంతరం పెట్టాడు.

ఓనరు నవ్వకుండా, "ప్రొటెస్ట్ ఫీజు అయిదొందలు తమ్ముడూ. ఓడితే తిరిగివ్వం. ఫోన్‌పే కుదరదు, క్యాషే" అన్నాడు. వీడు పర్సు తీశాడు.